వేలిముద్రల్లో లెక్కల బుర్ర కనపడదమ్మా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో చిన్న టౌను. కిరాణా కొట్టు నడుపుకుంటున్నాం. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఆరో తరగతి దాకా క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండేవాడు. ఎనిమిదిలో లెక్కల మార్కులు పడిపోవడం మొదలైంది. ఇప్పుడు స్లిప్ టెస్టుల్లో 20కి ఆరు, ఏడు వస్తున్నాయి. మొన్న స్కూల్లో కెరీర్ గైడెన్స్ క్యాంపు అని పెట్టి, పది వేళ్లూ స్కాన్ చేసి, నాలుగున్నర వేలు తీసుకుని, నలభై పేజీల రిపోర్టు ఇచ్చారు. డీఎంఐటీ టెస్టు అంటారట. మావాడికి 'లాజికల్ ఇంటెలిజెన్స్' తొమ్మిది శాతమే ఉందనీ, పుట్టుకతో వచ్చింది కాబట్టి మారదనీ, ఇంటర్‌లో ఎంపీసీ జోలికి పోవద్దనీ చెప్పారు. మావారు 'ఫౌండేషన్ కోర్సు మాన్పించేద్దాం, డబ్బు దండగ' అంటున్నారు. మా అత్తగారేమో 'అంతా మేనమామ పోలిక' అంటున్నారు. వాడు పుస్తకం తీయడం లేదు. అడిగితే 'నా బ్రెయిన్‌లోనే లేదంట కదమ్మా' అంటున్నాడు. డౌటు ఉన్నా క్లాసులో అడగడు. ఆదివారాలు మాత్రం కొట్లో కూర్చుంటాడు. మావారు గిరాకీల ముందే 'వీడికి లెక్కలు రావండీ' అంటుంటారు. రాత్రి ఒంటిగంట దాకా పడుకోడు, పొద్దున లేవడు, స్కూలు బస్సేమో ఏడుకే వస్తుంది. వాడి స్లిప్ టెస్టు పేపరు ఫొటో తీసి పంపుతున్నాను. తెలివి నిజంగా పుట్టుకతోనే ఖాయమైపోతుందా? మా పాప ఐదో తరగతి. తనకు సగం ధరకే టెస్టు చేస్తామంటున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా ఆ రిపోర్టే ఉంది. స్లిప్ టెస్టు పేపరు గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కదా, నా కళ్లు ముందు ఆ పేపరు మీదికే పోయాయి. మీవాడి గురించి అది చెప్పినంత ఆ నలభై పేజీలు చెప్పలేదు. రిపోర్టు సంగతి తేల్చేసి అక్కడికి వస్తాను.

వేలిముద్రల గీతలు బిడ్డ కడుపులో ఉండగానే, ఆరో నెల నిండేలోపే ఏర్పడిపోతాయి. ఆ తర్వాత జీవితాంతం అవే. ఇది నిజం. పిండం ఎదిగేటప్పుడు పైచర్మం, మెదడు రెండూ ఒకే పొర నుంచి పుడతాయి. ఇదీ నిజమే. ఈ రెండు నిజాలు చెప్పాక వాళ్లు మూడోదిగా ఒక అబద్ధం అంటగడతారు: కాబట్టి వేలు చూసి మెదడు సంగతి చెప్పొచ్చని. ఒకే మట్టితో చేశారు కదా అని ఈ కుండను చూసి పక్క కుండలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పినట్టుంటుంది ఇది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, అంటే మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. ఆ తొమ్మిది శాతం దేంట్లో తొమ్మిది శాతమో వాళ్లనే అడిగి చూడండి. పోయిన నాలుగున్నర వేలు పోయాయనుకోండి. రిపోర్టును మాత్రం వాడి కళ్లబడకుండా తీసేయండి.

ఆ రిపోర్టులో ఉన్న 'ఎనిమిది రకాల తెలివి' అన్న మాట మాత్రం వాళ్లది కాదు, అరువు తెచ్చుకున్నారు. హార్వర్డ్‌లో పనిచేసిన హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో తెలివి ఒక్కటి కాదు, ఏడు రకాలు అన్నాడు. తర్వాత ప్రకృతిని గమనించే తెలివిని ఎనిమిదోదిగా కలిపాడు. ఆ సిద్ధాంతంలో వేళ్ల ప్రసక్తే లేదు. టీచర్లకు అదంటే ఎంతో ఇష్టం, నాకూ ఉండేది. 'నీకు లెక్కలు రాకపోతేనేం, పాట వచ్చు కదా' అని పిల్లలకు ధైర్యం చెప్పడానికి బాగుండేది. కానీ పరీక్షలు పెట్టి చూసినవాళ్లు ఒప్పుకోలేదు. అంతకు ఎప్పుడో ముందు, 1904లోనే, చార్లెస్ స్పియర్‌మన్ అనే ఇంగ్లండు ఆయన పిల్లల మార్కులు దగ్గర పెట్టుకుని చూస్తే, ఒక సబ్జెక్టులో బాగా చేసేవాళ్లు మిగతావాటిలోనూ కొంత బాగా చేస్తున్నారని తేలింది. వీటన్నిటి వెనక ఉమ్మడి శక్తి ఒకటి ఉందన్నాడు. లేదు, ఏడు వేర్వేరు సామర్థ్యాలని 1938లో అమెరికాలో థర్‌స్టన్ అన్నాడు. ఈ తగవు నూరేళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. ఇప్పుడు చాలామంది ఒప్పుకునేది మధ్యస్థంగా ఉంటుంది: ఉమ్మడి శక్తి కొంత ఉంది, దాని కింద విడివిడి సామర్థ్యాలూ ఉన్నాయి. మన భాష చూసినా అంతే. తెలివి, బుద్ధి, యుక్తి, లౌక్యం, ఒడుపు, సమయస్ఫూర్తి అని ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. అయినా 'వాడు తెలివైనవాడు' అని ఒక్క ముక్కలో తేల్చేయడమూ మానం.

'మరి అసలైన ఐక్యూ టెస్టు చేయిస్తే?' అని మీవారు అడగొచ్చు. ఆ టెస్టు ఎందుకు పుట్టిందో ఆయనకు చెప్పండి. పిల్లలంతా బడికి రావాలని ఫ్రాన్సులో చట్టం వచ్చాక, చదువు అందుకోలేకపోతున్న పిల్లల్ని గుర్తుపట్టి సాయం చేయడానికి ఆల్ఫ్రెడ్ బినె, థియోడోర్ సిమోన్ అని ఇద్దరు కలిసి 1905లో దాన్ని తయారుచేశారు. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికి పుట్టింది గానీ, ఎవరిని వదిలేయాలో తేల్చడానికి కాదు. తెలివి ఇంతే, పెరగదు అనేవాళ్ల మీద బినె 1909లో గట్టిగానే విరుచుకుపడ్డాడు, శిక్షణతో పెరుగుతుందన్నాడు. రెండేళ్లకే చనిపోయాడు. తెలివిని ఒక్క అంకెలో చెప్పే పద్ధతి ఆయన పోయాక, 1912లో జర్మనీలో స్టెర్న్ మొదలుపెట్టాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. మన ఆసుపత్రుల్లో బినె-కామత్ పరీక్ష, మాలిన్ పరీక్ష ఇప్పటికీ వాడతారు. సగటు 100 వచ్చేలా లెక్క కడతారు. దాదాపు మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. పద్ధతిగా చేస్తే ఉపయోగమే. ఈరోజు వాడు తన ఈడు పిల్లల్లో ఎక్కడున్నాడో చెబుతుంది. అంతకుమించి జాతకం చెప్పదు.

ఖాయమైపోతుందా అని అడిగారు. పుట్టుక ప్రమేయం లేదని నేననను. ఒడ్డూ పొడుగూ లాగే ఇందులోనూ అమ్మానాన్నల నుంచి వచ్చేది ఉంటుంది. (మేనమామ ఒక్కడి నుంచే కాదు, అత్తగారికి ఆ మాట మీరే మెల్లగా చెప్పుకోండి.) కానీ మీవాడి వయసులో ఆ అంకె కదులుతుంది. లండన్‌లో కొందరు 2004లో 12 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఐక్యూ పరీక్ష పెట్టి, మెదడు స్కాన్ తీశారు. మూడు నాలుగేళ్లకు ఆ పిల్లలకే మళ్లీ చేశారు. గుంపు సగటు పెద్దగా మారలేదు గానీ, విడివిడిగా చూస్తే కొందరికి 20 పాయింట్ల దాకా పెరిగింది, కొందరికి అంతే తగ్గింది. మెదడులో ఆయా చోట్ల మార్పు కూడా దానికి తగ్గట్టే కనిపించింది. 33 మందితో చేసిన చిన్న అధ్యయనమే, 2011లో వచ్చింది. దానికంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది 2018లో వచ్చిన ఇంకొకటి. ఆరు లక్షల మందికి పైగా మనుషుల వివరాలు ఒకచోట చేర్చి చూస్తే, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి ఐక్యూ ఒకటి నుంచి అయిదు పాయింట్ల దాకా పెరిగిందని తేలింది. అంటే బడి మాన్పించడం, కోర్సు మాన్పించడం లాంటి నిర్ణయాలు కూడా ఆ అంకెలో భాగమే.

ఇక స్లిప్ టెస్టు. మూడో లెక్క చూడండి. 2(x+3) = 14, x విలువ ఎంత? మీవాడు రాసింది ఇది: 2x+3 = 14, తర్వాత 2x = 11, తర్వాత x = 5.5. టీచరు అడ్డంగా ఎర్రగీత కొట్టి సున్నా వేశారు. ఇప్పుడు నేను చూసినట్టు చూడండి. రెండో వరుసలో 3ని అవతలికి పంపి తీసేశాడు, కరెక్టు. మూడో వరుసలో 2తో భాగించాడు, కరెక్టు. బేసి సంఖ్య వచ్చిందని కంగారుపడకుండా దశాంశంలో రాశాడు, అదీ కరెక్టు. తప్పు ఒక్కచోటే ఉంది: బయటి 2 లోపలున్న రెండింటికీ వర్తిస్తుందని తెలియక xకే ఇచ్చాడు. ఐదో లెక్కలో, ఏడో లెక్కలో కూడా సరిగ్గా ఇదే తప్పు. మూడు లెక్కలు పోయాయి గానీ తప్పు ఒక్కటే. పోయిన పద్నాలుగు మార్కుల్లో తొమ్మిది ఇక్కడే పోయాయి. లాజిక్ లేనివాడు ఇంత నిలకడగా ఒకే తప్పు చేయడమ్మా, ఒక్కోసారి ఒక్కోలా రాస్తాడు. వాడి దగ్గర ఒక రూలు ఉంది. ఆ రూలు తప్పు, అంతే.

ఇదే లెక్కను కొట్లో అడగండి. రెండు సంచులున్నాయి, రెండింట్లోనూ కొబ్బరికాయలు సమానంగా ఉన్నాయి. ఒక్కో సంచిలో ఇంకో మూడేసి వేశాను, ఇప్పుడు మొత్తం పద్నాలుగు. ముందు ఒక్కోదాంట్లో ఎన్ని? సంచికి ఏడు, మూడు తీసేస్తే నాలుగు అని వాడు పెన్ను ముట్టకుండా చెబుతాడని నా పందెం. చెప్పాక ఆ సంచుల బొమ్మ పక్కనే 2(x+3) అని రాసి చూపించండి. మూడేసి రెండు సంచుల్లోనూ వేశామా, ఒక్కదాంట్లోనేనా అని అడిగి ఊరుకోండి. మీరేం చెప్పక్కర్లేదు.

బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊళ్లో సంతలో సరుకులమ్మే అయిదుగురు పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వచ్చింది. అడిగేవాళ్లు కొనేవాళ్లలా వెళ్లి బేరం మధ్యలో లెక్కలు వేయించారు. ఒక్కో కొబ్బరికాయ 35, పది ఎంత అని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి అడిగితే, మూడు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి... అంటూ 350కి చేరాడు. సంతలో ఆ పిల్లలు 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే. మనిషీ అదే, మెదడూ అదే. మీవాడు ఆదివారాలు కొట్లో కూర్చుంటాడని రాశారుగా, చిల్లర లెక్కలో ఎన్నిసార్లు తప్పాడో మీవారినే అడగండి.

బినె తర్వాత ఆ పరీక్షల పని చూసిన సిమోన్ దగ్గరికి, 1919-20 ప్రాంతంలో, ఇంకా పాతికేళ్లు నిండని స్విట్జర్లాండు కుర్రాడు ఒకడు వచ్చాడు. పేరు జాన్ పియాజె. పిల్లలకు ప్రశ్నలేసి ఒప్పులు లెక్కపెట్టడం ఆయనకు అప్పగించిన పని. ఆయన ఒప్పులు వదిలేసి తప్పుల మీద పడ్డాడు. ఒకే ఈడు పిల్లలు ఒకే రకం తప్పులు ఎందుకు చేస్తున్నారు? జీవితమంతా ఆ ప్రశ్న మీదే గడిపాడు. పదకొండు పన్నెండేళ్ల దాకా పిల్లలు కంటికి కనిపించేవాటితో బాగా ఆలోచిస్తారు, ఆ తర్వాతే 'ఇలా అనుకుందాం' అని లేనిదాన్ని ఊహించి ఆలోచించడం మొదలవుతుందని ఆయన చెప్పింది. మీవాడు ఆరు దాకా మొదటి ముగ్గురిలో ఉండి, ఎనిమిదిలో కింద పడ్డాడంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. అప్పటిదాకా లెక్కల్లో ఉన్నవి అంకెలు, ఎక్కాలు, రూపాయలు. తర్వాత xలూ yలూ రాజ్యమేలతాయి. మెట్టు మారింది. ఆ మెట్టు అందరూ ఒకే పుట్టినరోజున ఎక్కరు. పియాజె కూడా 1972లో దీన్ని సవరించుకున్నాడు: కొందరిలో ఇది పదిహేనుకీ ఇరవైకీ మధ్య రావచ్చు, అదీ ముందు తమకు బాగా తెలిసిన పనిలోనే కనిపించవచ్చు అన్నాడు.

ఇంట్లో ఒకటి చేసి చూడండి, పియాజె, ఆయనతో పనిచేసిన బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లల చేత చేయించిందే. ఒక దారానికి ఇనప నట్టు కట్టి గుమ్మానికి వేలాడదీసి ఊపండి. ఊగే వేగం దేన్నిబట్టి మారుతుందో కనిపెట్టమనండి. బరువా, దారం పొడుగా, ఎంత ఎత్తు నుంచి వదిలామన్నదా, ఎంత గట్టిగా తోశామన్నదా? చిన్నపిల్లలు బరువూ మారుస్తారు, పొడుగూ మారుస్తారు, అన్నీ ఒకేసారి మార్చి 'బరువే' అంటారు. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చి చూడాలన్నది తడితే, అదే ఆ కొత్త ఆలోచన. మీటరు దారానికి పది ఊపులకు (అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తే ఒక ఊపు) ఇరవై సెకన్లు పడుతుంది, పావు మీటరుకు పది సెకన్లు. నట్టు ఎంత బరువుదైనా అంతే. సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోమనండి. వాడికి వెంటనే తట్టకపోయినా కంగారు వద్దు. ఇలాంటివి తట్టని పెద్దవాళ్లూ చాలామంది ఉన్నారని తర్వాతి పరిశోధకులు చూశారు. 'ఇప్పుడు రెండు మార్చావు కదా, తేడా దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది?' అని ఒక్క ప్రశ్న వేయండి చాలు. తనంతట తాను చేయలేనిది, పక్కన ఒకరుంటే చేయగలిగేది – రష్యాలో విగోట్‌స్కీ అనే ఆయన చదువంతా ఆ ఎడంలోనే జరుగుతుందన్నాడు. నాకు తెలిసిన టీచర్లలో మంచివాళ్లంతా ఆయన పేరు వినకుండానే ఆ పని చేశారు.

నిద్ర గురించి. ఒంటిగంటకు పడుకోవడం పూర్తిగా పొగరు కాదు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది, ఒంట్లో గడియారం రెండు గంటల దాకా వెనక్కి జరుగుతుంది. వాళ్లకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. బస్సేమో ఏడుకే వచ్చేస్తుంది. ఫోను దీన్ని ఇంకా పాడుచేస్తుంది కాబట్టి పది దాటాక ఫోను మీ గదిలో చార్జింగ్ పెట్టండి, మీ ఫోన్లతో సహా. తెల్లారి అయిదుకు లేపి లెక్కలు చేయించొద్దు. సాయంత్రం ఆరున్నరకు అరగంట చాలు.

డౌటు ఉన్నా క్లాసులో అడగడని రాశారు. పద్నాలుగేళ్లవాడికి లోకమంతా తననే చూస్తున్నట్టుంటుంది. డేవిడ్ ఎల్‌కైండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1967లోనే దీన్ని 'ఊహల్లోని ప్రేక్షకులు' అన్నాడు. మీవారు కొట్లో గిరాకీల ముందు 'వీడికి లెక్కలు రావండీ' అంటే, ఆ ప్రేక్షకులు నిజంగానే వచ్చి కూర్చున్నట్టు. ఆ మాట ముందు ఆపించండి. దీని మీద నేను నీతులు చెప్పే స్థితిలో లేను. నేనూ ఒకప్పుడు ఒక పిల్లవాణ్ణి క్లాసు మధ్యలో 'నీకిది ఎక్కదులేరా' అన్నాను. ఆ తర్వాత వాడు నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

అలాగని 'నువ్వు తెలివైనవాడివి' అని పొగడ్డం మొదలుపెట్టకండి. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదో తరగతి పిల్లల మీద చూశారు. తెలివిని మెచ్చుకుంటే ఆ పిల్లలు తర్వాత తేలిక లెక్కలే ఎంచుకున్నారు, ఒక్కసారి తప్పగానే డీలాపడ్డారు. శ్రమను మెచ్చుకుంటే కష్టమైనవి తీసుకున్నారు. దీన్ని పట్టుకుని ఇప్పుడు 'మైండ్‌సెట్' క్లాసులు కూడా అమ్ముతున్నారు, వాటికీ డబ్బు కట్టకండి. అమెరికాలో మీవాడిలాగే తొమ్మిదో తరగతి పిల్లలు వేలమందికి తెలివిని పెంచుకోవచ్చని గంటలోపు పాఠం ఒకటి చెప్పి చూస్తే, వెనకబడ్డవాళ్ల గ్రేడు నాలుగు పాయింట్లకు పదోవంతు పాయింటు పెరిగింది. 2019లో వచ్చిన లెక్క ఇది. ఉంది గానీ కొంచెమే. అందుకే వట్టి మాటలకన్నా ఆ బ్రాకెట్టు సరిచేయడం ముఖ్యం. గైడులో చేసిన లెక్క చూసి నోట్సులో ఎక్కించడం మాన్పించి, గైడు మూసేసి చేయమనండి. తప్పినా సరే. పది లెక్కలు ఒకేరోజు కాదు, ఇవాళ మూడు, ఎల్లుండి అదే రకం మూడు, వచ్చే వారం మళ్లీ మూడు.

ఫౌండేషన్ కోర్సు విషయంలో మీవారితో నేను సగం ఏకీభవిస్తాను. ఎనిమిదో తరగతి బీజగణితంలో బ్రాకెట్లే సరిగ్గా రానివాడికి పైనుంచి ఇంటర్ లెక్కలు పోస్తే నిలవవు. ఒక ఆరు నెలలు ఆపి, ఊళ్లోనే ఓపికగల టీచరు దగ్గర ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు మళ్లీ చేయించండి. ఆపేది అందుకేనని వాడికి చెప్పండి. రిపోర్టు చూసి ఆపామనుకోకూడదు. ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్నది పదో తరగతి సగంలో చూసుకోవచ్చు.

ఆరు నెలలు ఇలా చేశాక కూడా చిన్న కూడికల్లో అంకెలు తారుమారైతే, గడియారం చూడటంలో తడబడితే, లేదా చదవడంలోనే అక్షరాలు తప్పుతుంటే, అప్పుడు జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. అది తెలివి తక్కువై కాదు, చదువుకు సంబంధించిన ప్రత్యేక వైకల్యం కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అదీ ఉంది. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. మీరు పంపిన పేపరులో నాకు అలాంటి గుర్తులు కనిపించలేదు.

పాపకు సగం ధరకే అన్నారు కదా, ఊరికే చేస్తామన్నా వద్దు. ఫారం మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి. పెట్టేసి ఉంటే, 'మా అమ్మాయి వేలిముద్రలు తీసుకోవడానికి మేము ఒప్పుకోవడం లేదు' అని ఒక కాగితం రాసి స్కూల్లో ఇచ్చి, కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. రేపు పాప ఆధార్‌కూ బ్యాంకుకూ పనికొచ్చే వేళ్లవి. ఊరూరా తిరిగే స్కానర్లో అవి ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పరు. మీ అబ్బాయి వేలిముద్రలు కూడా వాళ్ల దగ్గర ఉన్నాయి కాబట్టి, వాటిని చెరిపేయాలని అదే కాగితంలో రాయండి.